కప్ప మీద పోసిన నీళ్లు

అడవిలో సింహానికి పట్టాభిషేకం. కొండ మీది ఊట నీళ్లు తొండంలో పట్టి తెచ్చి కొత్త రాజు తల మీద పోయడం ఏనుగుల ఇంటి పిల్లల వంతు. ఈసారి ఆ వంతు లచ్చికి వచ్చింది. మండుటెండలో, చుక్క ఒలక్కుండా, తొండం బిగబట్టుకుని కొండ దిగి వచ్చింది.

సరిగ్గా అప్పుడే, పొద్దుటినుంచి మంగళం పాడుతున్న ముసలి కప్ప గొంతు ఆగిపోయింది. ఒళ్లంతా ఎండిపోయి బండ మీద వెల్లకిలా పడింది.

"ముహూర్తం దాటిపోతోంది. దాన్ని పక్కకి నెట్టండి," అంది పౌరోహిత్యం చేస్తున్న నక్క.

లచ్చి రాజు వైపు చూసింది, కప్ప వైపు చూసింది. తొండం దించి నీళ్లన్నీ కప్ప మీద పోసేసింది.

కప్ప కాళ్లు మెల్లగా కదిలాయి.

"అపచారం, అపచారం," అని నక్క లబలబలాడింది. "అభిషేకం జరగనివాడు రాజెలా అవుతాడు?"

లచ్చి రాజు వైపు తిరిగింది. "తాత చచ్చిపోతాడేమోనని పోశాను సామీ. మళ్లీ వెళ్లి తెస్తాను."

"నువ్వు కొండెక్కి వచ్చేసరికి పొద్దు గూకుతుంది," అంటూ సింహం గద్దె దిగి వచ్చి తల వంచింది. "తొండంలో తడైనా మిగిలిందేమో చూడు తల్లీ."

లచ్చి బలమంతా పెట్టి ఊదబోతే తుమ్మొచ్చింది. రాజు జూలు నిండా తుంపర్లు పడ్డాయి. కప్ప గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది.

ఇప్పుడు చుట్టుపక్కల ఏ అడవిలో పట్టాభిషేకమైనా ముందు కప్పని తడుపుతారు, ఆ తర్వాతే రాజుని. దగ్గరుండి చేయించేది ఆ నక్కే. శాస్త్రంలో మొదటినుంచీ అలాగే ఉందంటుంది.