ఒత్తుల్లేని కథ

కథ పోస్టులో వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు, ఒక్క ఒత్తూ లేదు.

అమ్మ ‘అమ’ అయింది. అన్నం ‘అనం’ అయింది.

అయినా చదివి అనంతరామయ్య మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. నిమ్‌పురా రైల్వే కాలనీ తెలుగు సంఘం పత్రికకి ఆయనే సంపాదకుడు.

ఒత్తులు పెట్టేసరికి రెండు సీసాల ఎర్ర సిరా అయిపోయింది. ఆ ఒత్తుల్ని వరసగా పేరిస్తే హౌరా చేరేవి, అదీ ప్యాసింజరు కంటే ముందు.

ఉగాది సభలో ఆ రచయితకి శాలువా కప్పాలి. మనిషెవరో తెలిస్తేగా! రాసినవారు సభకి రావాలని పత్రికలోనే వేశారు.

“ఇదేదో కొత్త ప్రయోగమండీ,” అన్నాడు కార్యదర్శి గణపతిరావు.

“ప్రయోగమేటి బాబూ,” అంది హాలు కడుగుతున్న జోగమ్మ. “ఆకలి కత కదా. ఒత్తులు కూడా తినేసుంటాడు.”

మాస్టారికి అదే నిజమేమో అనిపించింది.

ఉగాది పొద్దున హాలు కిటికీ బయట ఒకాయన నిలబడ్డాడు. చొక్కా నిండా రైలింజన్ల షెడ్డు నూనె మరకలు.

“ఏం కావాలి?”

“ఒత్తులు కావాలండీ, మాస్టారూ.”

“లోపలికి రాకు, నేల తడిగా ఉంది. అక్కడే ఉండు.”

“అలవాటేనండి.”

దీపారాధనకి జోగమ్మ చేసిన పత్తి ఒత్తులు గుప్పెడు తీసి, మాస్టారు చువ్వల్లోంచి అందించారు.

ఆ మనిషి వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇవి కాదండీ...”

“మంచి పత్తేనయ్యా! రచయిత వస్తాడో రాడో తెలీక నేను చస్తుంటే, నీ గొడవొకటి!”

“రాసినోడొస్తే కుర్సీ ఏస్తారా, మాస్టారూ?”

“వేదిక మీద, నా పక్కనే!”

ఆ మనిషి కిటికీలోంచి కుర్చీని కాసేపు చూశాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

రచయిత రాలేదు. శాలువా కుర్చీకే కప్పారు. అధ్యక్షుల వారి కంటే ఆ కుర్చీయే బాగా మాట్లాడిందని జనం అన్నారు.

వారం తర్వాత చక్రధర్‌పూర్ నుంచి కవరొచ్చింది. చూడగానే మాస్టారు ఎర్ర కలం తీశారు.

“మాసారూ, బదిలీ మీద వచేసినాను. మీరిచిన ఒతులతో దీపం పెటినాను. నేనడిగినవి అవి కాదండి. చినపుడు నను బడి లోపలికి రానిచేవారు కాదు. కిటికీ బయట నిలబడి మీ పాటం ఇనేవాడిని. నలబోరు కింద సగం కనపడేది కాదండి. మీరు ఒతులు రాసింది అకడేనంట.”