పై వాటా ఆదివారాలు

పై వాటా చిత్రకారుడి ఇంట్లో ఆదివారం పార్టీ ముగించుకుని మెట్లు దిగుతుంటే, పన్నుల ఆఫీసు గుమాస్తాకి తన మీద తనకే ముచ్చటేసింది. చాప కూడా లేకుండా నేల మీద కూర్చున్నాడు. చొక్కా పైగుండీ విప్పాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో గొంతు కలిపి పాడాడు.

"మనం పూర్తిగా చెడిపోయామే!" అన్నాడు గర్వంగా.

లెక్కల టీచరైన ఆయన భార్య, ముడి విప్పేసిన జుట్టు భుజాల మీద ఊగుతుంటే పకపకా నవ్వింది. "మీ అమ్మగారు చూస్తే మూర్ఛపోతారు!"

మధ్యలో ఉండబట్టలేక ఆవిడ సింకులో గ్లాసులన్నీ తోమేసిన మాట నిజమే. ఆయనేమో చిత్రకారుడి కుంచెలన్నీ సైజుల వారీగా సర్ది, గుమ్మంలో చెప్పులు జతలు కలిపిన మాటా నిజమే. కానీ అవన్నీ పాడుతూనే చేశారు కదా!

అంతలో పైనుంచి చిత్రకారుడి గొంతు వినిపించింది. "ఈ జంట దొరికాక పనిమనిషితో పనే లేకుండా పోయిందిరా!" అందరూ గొల్లుమన్నారు.

గుమాస్తా మొహం మాడిపోయింది. గబగబా గుండీ పెట్టుకోబోయాడు.

భార్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి. పోయిన వారమూ ఇదే అన్నారు లెండి," అంది. "ఈసారి మన సబ్బు తీసుకెళ్దాం. వాళ్లది బొత్తిగా నురగే రావట్లేదు."