చలికాలపు చక్రాలు

నవంబరు రెండో శనివారం ఉదయం రాధాకృష్ణ గారు రేణు ఇంటికి నడిచి వచ్చారు. గరాజ్ తలుపు అప్పటికే ఎత్తి ఉంది. ఎస్‌యూవీ పక్కన తాళాలు పట్టుకుని రేణు నిలబడి ఉంది.

"నేను డ్రైవ్ చెయ్యనా అమ్మా?" అని అడిగారాయన.

ఆమె తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

డాష్‌బోర్డు మీద ముప్ఫై తొమ్మిది ఫారెన్‌హీట్ డిగ్రీలు చూపిస్తోంది. అంత చలిలో రేణు బండి నడపదు. రెండు చలికాలాలుగా ఆమెను తన కారులో ఆఫీసుకి దింపుతున్నది భర్త దివాకరే. ఇప్పుడు దివాకర్‌కి కాపెల్‌లో ప్రాజెక్ట్ వచ్చింది. డిసెంబరు నుంచి అతను టెక్సస్‌లో ఉంటాడు. ఇక్కడ వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో నాలుగేళ్ల పాపని డేకేర్‌లో దింపి, ఆఫీసుకి వెళ్లాల్సింది ఇక రేణే. ఉద్యోగం మానేస్తే వీసా పోతుంది.

అసలు ఆమె ఈ బండి అమ్మేద్దామనుకుంది. ఆన్‌లైన్‌లో ప్రకటన కూడా పెట్టింది. అది చూసి రాధాకృష్ణ గారే ఫోన్ చేశారు. అమ్మవద్దన్నారు. అమ్మితే వచ్చే జనవరిలో ఇంకెవరో అవే టైర్లతో రోడ్డెక్కుతారన్నారు. మార్పిద్దాం, నేను వెంట వస్తానన్నారు.

ఆ బండితో వచ్చినవి ఇరవై అంగుళాల చక్రాలు, వెడల్పాటి సమ్మర్ టైర్లు. చూడ్డానికి బాగున్నాయని దివాకర్ ముచ్చటపడ్డాడు. రెండేళ్ల కిందట, చలికాలానికి వేరేవి వేయించమని సర్వీస్‌లో చెప్పారు. ఈ వారం, పై వారం అనుకుంటూ ఉండగానే జనవరి వచ్చేసింది.

ఒక ఉదయం మలుపు దగ్గర రేణు బ్రేక్ నొక్కింది. బండి ఆగలేదు. ఇరవై మైళ్ల స్పీడే. తడి సబ్బులా పక్కకి జారి, స్కూల్ బస్ కోసం నిలబడ్డ పదహారేళ్ల అమ్మాయి మీదికి వెళ్లింది. రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర ఉందని పోలీసులు రాసుకున్నారు. రేణు తప్పేమీ లేదన్నారు. ఆ సాయంత్రం ఆస్పత్రిలో అమ్మాయి పోయింది.

టైర్ల షాపులో డేల్ అనే పెద్దాయన ఉన్నాడు. వర్జీనియాలో పడే మంచుకి ఆల్ సీజన్ టైర్లు చాలన్నాడు. రాధాకృష్ణ గారు ఒప్పుకోలేదు. మంచు ఒక్కటే కాదు, చలి సంగతీ చూడాలన్నారు. నలభై ఐదు డిగ్రీల కిందికి దిగితే సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడిపోతుంది, రోడ్డుని పట్టుకోదు. వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. ఇదంతా ఆయన గొంతు పెంచకుండా చెప్పారు. అయితే పాత రిమ్ములకే వింటర్ టైర్లు ఎక్కిస్తానన్నాడు డేల్. దానికీ ఒప్పుకోలేదు.

"రిమ్ములతో సహా వేరే సెట్ కావాలి. ప్రతిసారీ టైర్లు విప్పి ఎక్కించాలంటే సగం రోజు పోతుంది. అందుకే అందరూ పై వారం అనుకుంటారు. చక్రాలు సిద్ధంగా ఉంటే అరగంట పని. ఎవరూ వాయిదా వెయ్యరు."

రేణు తల దించుకుంది.

పద్దెనిమిది అంగుళాల రిమ్ములు, కాస్త సన్నటి టైర్లు ఎంచుకున్నారు. ఆయన నేల మీద మోకాళ్లు ఆనించి, ఒక్కో టైరు మీద తయారైన తేదీ వేలితో తడుముతూ చదివారు. నాలుగూ ఆ ఏడాదివే, 2012లో ముప్ఫై రెండో వారానివి.

మీ నాన్నగారికి టైర్ల గురించి నాకంటే ఎక్కువ తెలుసని డేల్ రేణుతో అన్నాడు.  కొంతకాలంగా ఇవే చదువుతున్నానని రాధాకృష్ణ గారు అన్నారు.

బండి లిఫ్ట్ మీదికి లేచింది. వాళ్లిద్దరూ కాఫీ తెచ్చుకుని కూర్చున్నారు.

"ఇంకా కనిపిస్తోందా?" అని అడిగారాయన.

"చలి మొదలైతే కనిపిస్తుంది అంకుల్. బండిలో ఎక్కడ ఆగినా అద్దం అవతల ఉంటుంది. నా వైపు చూడదు. బస్ వచ్చే వైపు చూస్తూ ఉంటుంది."

"తలకి టోపీ ఉంటుందా?"

రేణు కళ్లు మూసుకుంది. "ఉంటుంది. ఊలు టోపీ. చెవుల మీదికి లాక్కుని ఉంటుంది."

 ఆయన కాఫీ తాగకుండానే పక్కన పెట్టేశారు.

విప్పిన సమ్మర్ చక్రాలు నాలుగూ గోడకి ఆనించి పెట్టారు. ఆయన లేచి వెళ్లి వాటి ముందు నిలబడ్డారు. ముందు చక్రం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు. ఇంటికి తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టుకోమని డేల్ వాటిని వెనక సీట్లు మడిచి బండిలోకి ఎక్కించాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన తాళాలు రేణుకి ఇచ్చారు. ముందు ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్లమన్నారు. స్పీడ్‌లో ఉండగా గట్టిగా బ్రేక్ నొక్కమన్నారు. బండి ఆగింది. రేణు స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుపు ఆగేదాకా ఉండి, మళ్లీ నొక్కమన్నారు. అలా ఐదుసార్లు చేయించారు.

"ఇప్పుడు ఆ రోడ్డునే వెళ్దాం," అన్నారు.

రెండేళ్లుగా రేణు ఆ దారి తప్పించి నాలుగు మైళ్లు చుట్టు తిరిగి వెళ్తోంది.

"వద్దు అంకుల్. ప్లీజ్."

"ఎప్పటికైనా వెళ్లాల్సిందే కదమ్మా. నేను పక్కనే ఉన్నాను."

ఆమె వెళ్లింది. మలుపు దగ్గర బ్రేక్ నొక్కింది. బండి ఆగాల్సిన చోట ఆగింది. శనివారం కాబట్టి బస్ స్టాప్ దగ్గర ఎవరూ లేరు. అద్దం అవతల కూడా ఎవరూ కనిపించలేదని రేణు మెల్లగా చెప్పింది.

ఆయన సీట్ బెల్ట్ తీసేశారు. మా ఇల్లు దగ్గరే, ఇక్కడ దిగి నడిచి వెళ్తానన్నారు.

దిగి, ఇక వెళ్లమన్నట్టు రేణుకి చెయ్యి ఊపి ఆయన నిలబడిపోయారు, సరిగ్గా ఆ జనవరి ఉదయం తన కూతురు నిలబడ్డ చోట.