రెండు డాన్సుల రూలు

"నో, థాంక్యూ" అంది మంగాదేవి.

డాన్సుకి రమ్మని చెయ్యి చాచిన గ్రాహం ముఖం చిన్నబోయింది. పక్కనే ఉన్న కూతురు నిహారిక తల పట్టుకుంది.

"ఏంటమ్మా ఆ పని? బోర్డు చదవలేదా?"

న్యూజిలాండ్‌లోని పాపకూర అనే ఊళ్ళో, ఆ హాలు గోడకి బోర్డు వేలాడుతోంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు జనం టికెట్టు కొనుక్కుని డాన్సు సభలకి వెళ్ళేవారట. ఈ మధ్యాహ్నం అచ్చం అలాగే జరపాలని సీనియర్స్ క్లబ్బు పట్టుదల. ఏ జంటైనా కలిసి రెండు డాన్సులే చేయాలి, తర్వాత జోడీ మారాలి. పిలిచిన మగవాణ్ణి కాదన్న ఆడమనిషి ఇక ఎవరితోనూ ఆడకూడదు. సభ ముగిసేదాకా కుర్చీలోనే.

సభ నడిపించే కృష్ణచైతన్య తెల్ల విగ్గు సర్దుకుంటూ వచ్చాడు.

"సారీ ఆంటీ. రూల్ రూలే."

"ఈ ఒక్కసారికి వదిలెయ్యండి" బతిమాలింది నిహారిక. "మూడు నెలలు ప్రాక్టీస్ చేసింది. ఈ గౌను కుట్టడానికి నాకు నాలుగు వీకెండ్లు పట్టింది!"

"నాకోసం రూల్ మార్చకు నాయనా" అంది మంగాదేవి. "కూర్చోడానికి మాత్రం లెక్క లేదుగా?"

"లేదాంటీ. ఎంతసేపైనా కూర్చోండి."

మంగాదేవి గౌను అంచులు ఎత్తి పట్టుకుని గోడవారకి నడిచింది. అక్కడున్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో సుబ్బయ్య, కాలికి బ్యాండేజీ చుట్టుకుని కూర్చున్నాడు. మూడు నెలలూ ప్రాక్టీసులో ఆమె జోడీ ఆయనే. పొద్దున మెట్ల మీద కాలు మడత పడిందట.

"పాపం, ఇద్దరికీ ఇవాళే ఇలా అవ్వాలా!" అనుకుంది నిహారిక.

వయొలిన్లు మొదలయ్యాయి. ఒక డాన్సు, రెండు, ఆరు. జోడీలు మారుతూనే ఉన్నాయి. గోడవార మాత్రం కబుర్లు తెగడం లేదు. మంగాదేవి హ్యాండ్‌బ్యాగులోంచి సున్నుండలు తీసింది. సుబ్బయ్య ఏదో అన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

టీ విరామంలో సుబ్బయ్య లేచాడు.

"అంకుల్, మీరు కూర్చోండి, టీ నేను తెస్తాను" అని దూరం నుంచే కేకేసింది నిహారిక.

"ఫర్వాలేదమ్మా, నెమ్మదిగా వెళ్తా" అంటూ ఆయన కుంటుకుంటూ రెండడుగులు వేశాడు.

మంగాదేవి గబుక్కున ఆయన కోటు పట్టుకుని లాగి, గొంతు తగ్గించింది.

"మీరు కుంటుతున్నది కుడికాలు, సుబ్బయ్యగారూ. పొద్దున నేను కట్టు కట్టింది ఎడమకాలికి!"