పదకొండేళ్ల నాటి ఫైలు

ఆ ఆఫీసులో సర్వర్లు చూసే ఆవిడకు పాత ఫైళ్లు తుడిచే పని రాత్రిపూటే వీలవుతుంది. పగలంతా వాటిని ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు. సర్వర్ల గదికి కిటికీ లేదు, ఉన్నది ఒకే తలుపు. యంత్రాల హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు.

పదేళ్లు దాటిన ఫైళ్లన్నీ తీసెయ్యమని కమాండ్ ఇచ్చింది. కంప్యూటరు ఒక్కో పేరూ చూపించి, తీసెయ్యనా అని అడుగుతోంది. ఆవిడ ఆవులిస్తూ, అవునన్నట్టు 'వై' నొక్కుతూ పోతోంది. ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

చిట్టిపిచ్చుక.

అది ఆవిడ కూతురి ముద్దుపేరు. ఫైలేమో పదకొండేళ్ల నాటిది. పాపకింకా నాలుగేళ్లు నిండలేదు.

తెరిచి చూసింది. లోపల ఒకటే వాక్యం ఉంది. "అమ్మా, తలుపు తియ్యకు."

ఎవరో ఆకతాయి పనిలే అని సర్దిచెప్పుకుంటుండగా బల్ల మీది ఫోను మోగింది. గేటు దగ్గరి వాచ్‌మన్.

"మేడమ్, మీ పాప వచ్చింది. అమ్మ కావాలంటే పైకి పంపించాను."

"ఎవరితో వచ్చింది?"

"ఒక్కతే వచ్చిందండీ."

ఆవిడ వెంటనే ఇంటికి ఫోను చేసింది. భర్త నిద్రమత్తులో పలికాడు.

"పాపా? ఇదిగో, నా చెయ్యి పట్టుకుని పడుకుంది. ఏమైంది?"

అంతలో తలుపు మీద ఎవరో చిన్న చేత్తో తడుతున్నారు.

"అమ్మా, ఇక్కడ చీకటిగా ఉంది. తలుపు తియ్యవూ?"

అచ్చం పాప గొంతే. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

"ఒక్క క్షణం ఉండు," అన్నాడు భర్త, బాగా గొంతు తగ్గించి. "ఈ చెయ్యి పాపది కాదు."

తలుపవతల పాప ఏడవడం మొదలుపెట్టింది.