కొత్త ఆయా

“ఎంతా?” పెద్దావిడ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టింది. “మళ్లీ చెప్పు.”

ఆయా మళ్లీ చెప్పింది. పరాయి దేశం నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసేవాళ్లకి కనీస జీతం పెంచారట. అంత ఇస్తామని యజమాని రాసివ్వకపోతే తన వర్క్ పర్మిట్ పొడిగించరు. నెలాఖరుకి పెట్టె సర్దుకోవాల్సిందే.

“వీళ్ల దుంపతెగ! మా ఆయన ఆఫీసులో ముప్పయ్యేళ్లు కుర్చీ అరగదీసినా అంత జీతం కళ్లజూడలేదే!”

“పోనీలెండమ్మగారూ, మా ఊరెళ్లిపోతాను.”

అనైతే అంది గానీ మనసొప్పలేదు. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దావిడకి చంటిపిల్లకి నేర్పినట్టు మళ్లీ నడక నేర్పింది తనే. ఇప్పుడావిడ మెట్లు కూడా చకచకా ఎక్కేస్తోంది. ఆవిడకి పిల్లాజెల్లా లేరు, ఆయాకి తల్లి లేదు. ఒకరినొకరు వదిలి ఉండడం ఇద్దరి వల్లా కాదు.

మర్నాటి నుంచి పెద్దావిడ వరస మారిపోయింది.

“మంచంలో మనిషిని నీ నడుం పట్టెయ్యకుండా ఎలా లేపుతావే?”

“ఇప్పుడవన్నీ మీకెందుకండీ?”

“తెలుసుకుంటే తప్పా? చూపించు.”

చూపించేదాకా వదల్లేదు. ఆపైన రోజూ పొద్దున్నే ముస్తాబై బయటికి పోవడం ఒకటి. తోడొస్తానంటే, “తోకలా నా వెనకెందుకు? వంట చూడు” అని కసిరేది.

గుట్టు విప్పింది ఎదురింటి దర్జీ. “మీ పెద్దావిడ ఆయాల ఏజెన్సీలోంచి వస్తుంటే చూశాను. ఏంటి సంగతి?”

ఆయాకి అంతా అర్థమైపోయినట్టనిపించింది. అయితే చవగ్గా ఇక్కడి మనిషినే ఎవరినో మాట్లాడుకుంటోందన్నమాట! ఆ ఆరాలన్నీ కొత్తదానికి పని నేర్పడానికన్నమాట! కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. అయినా ఆ రాత్రి ఎప్పట్లాగే పెద్దావిడ కాళ్లు పట్టింది. పాదాలు వాచి ఉన్నాయి.

“ఎక్కడ తిరుగుతున్నారండీ ఇంతలా?”

“నోర్మూసుకుని నొక్కు.”

నెలాఖరు వచ్చింది. ఆయా కళ్లు తుడుచుకుంటూ పెట్టె సర్దుతుంటే పెద్దావిడ వచ్చి ఓ కాగితం మంచం మీద పడేసింది.

“ఆపు నీ సర్దుడు. జీతం రాసిచ్చేశాను. పర్మిట్ వచ్చేసింది.”

ఆయా నమ్మలేక ఆవిడ మొహంలోకి చూసింది. “మీ పెన్షనెంతో నాకు తెలీదా? అంత జీతం ఎక్కణ్నుంచి తెస్తారు? అసలు కొత్త ఆయాని కుదుర్చుకున్నారుగా!”

“ఎవరే చెప్పింది నీకు?”

“దాచకండమ్మగారూ. మరి ఏజెన్సీకి ఎందుకెళ్లారు?”

పెద్దావిడ నవ్వుతూ పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది.

“ఆయాగా చేరడానికే, పిచ్చిమొహమా!”