మూత తీసి చూశాను

“మనం నిద్రపోనివ్వని ఎలుకల మెదడులో అలసట రసాయనం పెరిగింది, సరే. హాయిగా పడుకోనిచ్చిన వాటిలోనూ అంతే పెరిగిందేంటి?” పరిశోధకురాలు రిపోర్టును బల్లమీద విసిరికొట్టింది. “బాబాయ్, బోనులు తారుమారు చేశావు కదూ?”

బోనులు చూసే పెద్దాయన ఒంటికాలి మీద లేచాడు. “పడుకునేవాటి జోలికి నేను పోతే ఒట్టు!”

“మరి వాటినెవరు లేపారు?”

ఆయన పడుకునేవాటి బోను పక్కన గోడమీది చార్టు చూపించాడు. పావుగంటకోసారి, అంతా ఆమె చేతిరాతే: ‘మూత తీసి చూశాను. మేలుకునే ఉన్నాయి.’

ఆమె నాలుక కరుచుకుంది. మాట మార్చడానికి ఇంటికి ఫోన్ చేసింది. “అత్తయ్యా, బాబు పడుకున్నాడా?”

“ఇప్పటిదాకా పడుకున్నాడమ్మా. నీ ఫోను మోతకి లేచాడు. పొద్దుట్నుంచి ఇది ఆరోసారి!”

బాబు ఏడుపు గదంతా వినిపించింది. పెద్దాయన నవ్వాపుకుంటూ పెన్ను తీశాడు.

“ఇది కూడా చార్టులో ఎక్కించమంటావా, తల్లీ?”